పై దవడ, ఎడమ వైపు

నరం తీసేశాం అన్నాడు డాక్టర్ యెల్లెమా.
తీసి చూపించాడు కూడా:
సూది మొనకు వేలాడుతూ
తడి దారప్పోగు.
యాభై ఏళ్ళ నా నమలడమంతా
ఇంతేనా అనిపించింది.

అది ఆగస్టు.
అక్టోబరు నెలాఖరుకి కూడా
వంతెన పక్క కాపలా గదిలో కూర్చుని
లేని నరంతో నొప్పి పడుతున్నాను.

ఫ్రీస్‌లాండ్‌లో మా ఊరి వంతెన చిన్నది.
తెరచాప కనిపిస్తే గంట కొడతాను,
రోడ్డుకి అడ్డకర్ర దించుతాను,
మీట నొక్కితే వంతెన నడుము పైకి లేస్తుంది.
గాలపు కర్రకి కట్టిన చెక్కబూటుని
పడవ మీదికి ఊపుతాను.
అందులో రెండు యూరోలు వేసి
చెయ్యూపి వెళ్ళిపోతారు.
ఆ సీజను చివరి రోజుల్లో ఒక జర్మన్ పెద్దమనిషి
"నవ్వవయ్యా, ఎండ కాస్తోంది" అన్నాడు.
నవ్వాను.
చల్లగాలి జివ్వున పన్నుకి తగిలింది.
వంతెన దించడం ఆలస్యమైతే
పాల లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

నొప్పి అనే మాట చాలదు.
పగలు సలుపు, పడుకుంటే పోటు.
దిండు మీద తల ఆనగానే
గుండె లేచి వెళ్ళి పంట్లో కూర్చుంటుంది,
తెల్లారేదాకా అక్కడే కొట్టుకుంటుంది.

పంటి బిగువున భరించాలంటారు.
ఆ పన్నే బిగించనివ్వకపోతే
దేని బిగువున భరించను?

ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నాడు యెల్లెమా.
కాస్త ఎత్తైందేమోనని అరగదీశాడు,
నీలం కాగితం కొరికించాడు.
మూడోసారి వెళ్ళినప్పుడు
కళ్ళద్దాలు తీసి, మెల్లగా,
"ఇంట్లో ఏమైనా దిగులుందా, హిల్కే?" అన్నాడు.
బిల్లు కట్టి సైకిలెక్కి
ఎదురుగాలిలో ఊరు దాటేదాకా తిట్టాను.
ఆ రాత్రి మూడింటికి మాత్రం
వేళ్ళు మడిచి దిగుళ్ళు లెక్కపెట్టాను.
నాలుగు తేలాయి.
ఏదీ ఒక పన్ను మోయాల్సినంత బరువైనది కాదు.

అక్క బౌక్యె లవంగాల జున్ను తెచ్చింది,
మా వైపు చేసే గట్టి రకం.
"కుడి వైపు నములు" అంది.
నేను జున్ను వదిలేసి
లవంగాలు ఒక్కొక్కటీ గోటితో పెకలించి
చిగురు సందున దాచుకున్నాను.
కాసేపు సగం మొహం నాది కాకుండా పోయింది.
బల్ల మీద చిల్లులు పడ్డ ముక్కని చూసి
అక్క ఏమీ అనలేదు.
దాన్ని తన పళ్ళెంలోకి లాక్కుంది.

గ్రోనింగెన్‌లో ఒకావిడ ఉంది,
మైక్రోస్కోపు పెట్టి పళ్ళలోకి చూస్తుంది.
ఆరు వారాలు ఆగమన్నారు, ఆగాను.
రబ్బరు తెర కింద గంటన్నరసేపు
ఎత్తిన వంతెనలా నోరు తెరుచుకుని పడుకున్నాను,
కిందనుంచి ఏం పోతోందో తెలియకుండా.
"ఇదిగో, నాలుగోది" అందావిడ.

మూడు కాలువలు కడిగి మూసేశారట.
నాలుగోది వెంట్రుకంత సన్నం,
మొదటిదాని వెనక నక్కి ఉంది.
నవ్వొచ్చింది, నవ్వే వీల్లేదు.
ఇరవై రెండేళ్ళుగా కాలువల మీద బతికేవాణ్ణి!
పటంలో ఎక్కని పిల్లకాలువలు,
నాచు మూసి, బాతులకి మాత్రమే తెలిసినవి,
మా పొలాల మధ్య ఎన్నున్నాయో నాకు తెలుసు.
ఏది పూడితే ఎవరి గడ్డి కుళ్ళుతుందో తెలుసు.
నా నోట్లో ఒకటుందని
నాలుగు నెలలు ఒక పన్ను మొత్తుకుంది.
అందరికంటే ముందు నేనే
దాన్ని నమ్మడం మానేశాను.

ఇప్పుడెలా ఉందని అడిగితే
పోయిందని మాత్రం చెప్పను.
తూర్పుగాలి వీచిన రోజున
ఒకసారి తలుపు తట్టి వెళ్తుంది.
కాలువ గడ్డకట్టింది, పడవలు లేవు,
చెక్కబూటు మేకుకి వేలాడుతోంది.
నాలుక రోజుకి వందసార్లు అక్కడికి వెళ్ళి
చూసి వస్తుంది, ఎవరూ పంపకుండానే.

నిన్న అక్క మళ్ళీ జున్ను తెచ్చింది.
లవంగాలతో సహా తిన్నాను.
కుడి వైపే.